ఎంగిలి మైనం, దేవుడి బొమ్మ: పోతపని చరిత్రలో కరిగిపోయిన శ్రమ

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో విశాఖపట్నంలో పుట్టి, ఆ తర్వాత కాకినాడకు తరలివచ్చింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కలిసింది. 2008లో తానే ఒక విశ్వవిద్యాలయం అయింది. ఇలాంటి చోట మెకానికల్ చదివే పిల్లలకు పోతపని పాఠంలో ‘ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్’ అనే పద్ధతి చెబుతారు. ముందుగా మైనంతో బొమ్మ చేసి, దానిచుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి ఇది. ఇది చాలా పాతది అని ఒక్క వాక్యం చెప్పి పాఠం యంత్రాల్లోకి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క వాక్యం వెనక ఎవరున్నారు? పరీక్షలో ఎవరూ అడగని ఈ ప్రశ్నను మేము ఇక్కడ అడగదలిచాం.

పద్ధతి సంగతి ముందు చూద్దాం. గుండ్రటి గిన్నెనో చదరపు పలకనో పోయాలంటే రెండు ముక్కల ఇసుక అచ్చు చాలు. నమూనాను పైకి లాగేస్తే ఖాళీ మిగులుతుంది. కానీ మెలికలు, సందులు, లోపల బోలు ఉన్న వస్తువైతే నమూనా బయటికి రాదు, అచ్చు విరుగుతుంది. అందుకని బయటికి లాగాల్సిన అవసరం లేని నమూనా కావాలి. అదే మైనం. వేడి చేస్తే తనంతట తానే కారిపోతుంది. మైనం మీద గోటితో గీసిన గీత కూడా లోహంలోకి దిగుతుంది. మైనంలో తప్పు జరిగితే లోహంలో దిద్దడం కష్టం. అంటే అసలు విద్యంతా మైనం దగ్గరే ఉంది. ఇంకో లెక్క కూడా ఉంది. నమూనాకు, గొట్టాలకు కిలో మైనం పడితే దాదాపు తొమ్మిది కిలోల ఇత్తడి కావాలి. ఈ లెక్క తప్పితే పోత సగంలో ఆగిపోతుంది.

మొహెంజొదారోలో 1926లో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల కంచు ‘నాట్యకత్తె’ ఈ పద్ధతిలోనే పుట్టింది. ఆ బొమ్మకు నాలుగున్నర వేల ఏళ్ళు ఉంటాయి. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద వచ్చిన ‘మానసోల్లాసం’ ఈ పనిని వరసగా చెబుతుంది. మైనపు బొమ్మకు గొట్టాలు పెట్టడం, మట్టి మూడు పూతలు వేయడం, మైనం తూకాన్ని బట్టి లోహం తూచుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. రాసింది రాజు. చేసింది ఎవరు? పుస్తకంలో చేతులు ఉన్నాయి గానీ ఆ చేతులకు పేర్లు లేవు. పనిని శాస్త్రంగా మార్చి శ్లోకంలో పెట్టిన క్షణం నుంచి అది రాసినవాడి సొత్తు అవుతుంది. మన దేశంలో విజ్ఞానం దొంగిలించే పద్ధతి ఇదే.

సంస్కృతంలో ఈ విద్యకు పెట్టిన పేరు గమనించండి. మైనాన్ని ‘మధూచ్ఛిష్టం’ అన్నారు. మధువు అంటే తేనె, ఉచ్ఛిష్టం అంటే ఎంగిలి. తేనె తీసుకున్నాక మిగిలిన ఎంగిలి అన్నమాట. ఆ ఎంగిలితో ఒళ్ళు దిద్దుకున్న విగ్రహం గుడిలోకి వెళ్ళి దేవుడైంది. ఎంగిలి మెతుకులు తినమని ఊరి బయట నిలబెట్టిన మనుషులకు మాత్రం ఆ గుడి తలుపు మూసేశారు. కోస్తా ఆంధ్ర అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. గుళ్ళలోకి అందరినీ రానివ్వాలని మద్రాసు చట్టం వచ్చింది 1947లో. ఎంగిలికి దైవత్వం రావడానికి ఒక్క కొలిమి చాలింది. మనిషి గుమ్మం దాటడానికి చట్టం కావలసి వచ్చింది.

విగ్రహం పోసినవాణ్ణి కంచరి అంటాం, స్థపతి అంటాం. వాళ్ళ శ్రమను మేము తక్కువ చేయడం లేదు. కానీ పోత ఒక్క కులం చేతిపని అంటే ఒట్టి మాట. మైనం ఎక్కడిది? కొండరెడ్లు, చెంచులు లాంటి ఆదివాసులు చెట్లెక్కి, కొండకొమ్ముల మీద తాళ్ళతో వేలాడి, ఈగల కాట్లు తిని తెచ్చిన పట్టుది. అడవి బిడ్డల దగ్గర తేనె, జిగురు కొనడానికి గిరిజన సహకార సంస్థ పుట్టింది 1956లో. అంతకుముందు షావుకారు ఎంతంటే అంత. ఇక లోహం కరగాలంటే గాలి కావాలి. గాలి ఊదేది తోలుతిత్తి. చచ్చిన పశువును మోసి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిన మాదిగవాడి చేయి లేకుండా తిత్తి లేదు. తిత్తి లేకుండా కొలిమి లేదు. దేవుడి బొమ్మకు ఊపిరి పోసిన గాలి మాదిగవాడు చేసిన తోలులోంచే వచ్చింది. తోలును కొలిమి దగ్గరికి రానిచ్చి, తోలు పని చేసినవాణ్ణి దూరం పెట్టడం ఎలాంటి మడి?

ఈ చరిత్ర బౌద్ధం దాకా వెళుతుంది. గుంటూరు సీమలో బుద్ధాం దగ్గర 1870లో సాగు కాలువ తవ్వుతుంటే కంచు బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. అవి ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దం నాటివి. ఇప్పుడు ఎక్కువ భాగం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బొమ్మలకు పేరొచ్చింది. పార పట్టినవాళ్ళకు రాలేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అన్నప్పుడు కాటన్ దొర గుర్తొస్తాడు గానీ, మట్టి మోసిన తట్ట గుర్తు రాదు కదా, అలాగే ఇదీ.

మైనపు పోత ఇప్పటికీ బతికి ఉన్న చోటు ఆదిలాబాద్ అడవి. అక్కడి ఓజాలు గోండుల గాథలు పాడతారు, వాళ్ళ దేవతల బొమ్మలు, గంటలు, గజ్జెలు పోస్తారు. ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్ళలో ఈ కుటుంబాలున్నాయి. మట్టితో లోపలి గుండు చేస్తారు. గుగ్గిలం లాంటి బంక కలిపిన తేనెమైనాన్ని సన్నటి దారాలుగా తీసి గుండు చుట్టూ చుడతారు. పైన మెత్తటి మట్టి, ఆ పైన గరుకు మట్టి వేసి ఆరబెట్టి కాలుస్తారు. మైనం పోతుంది, ఇత్తడి దిగుతుంది. అచ్చు పగలగొడితేనే బొమ్మ వస్తుంది కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. ‘ఆదిలాబాద్ డోక్రా’కు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఊరికి వచ్చిన గుర్తింపు మనిషి ఇంట్లోకి అన్నమై రావాలి. దారిలో దళారి ఉన్నంతకాలం అది కాగితమే.

ఇప్పుడు అదే విద్య ఇంకో వేషంలో ఎక్కడుందో చూడండి. 1907లో షికాగో దంతవైద్యుడు విలియం టాగర్ట్ బంగారు పళ్ళ పూడికలు ఈ పద్ధతిలో పోసి చూపించాడు. తర్వాత విమాన ఇంజన్లు దాన్ని అందుకున్నాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల ఏక స్ఫటిక టర్బైన్ రెక్కలు తయారుచేసి, హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు ఇచ్చినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ రెక్క లోపల చల్లగాలి పోవడానికి సన్నటి దారులుండాలి. అందుకని పింగాణీ లాంటి గుండు పెట్టి, దానిచుట్టూ మైనం పోసి, పైన పింగాణీ పూతలు వేస్తారు. ఓజా మట్టిగుండు, ఈ పింగాణీ గుండు ఒక్క ఆలోచనే. ఒకదాన్ని ‘అధునాతన సాంకేతికత’ అంటాం, ఇంకోదాన్ని ‘గిరిజన హస్తకళ’ అంటాం. ఒకరికి నెల జీతం, పింఛను. ఇంకొకరికి సంతలో బేరం. తేడా విద్యలో లేదు, విద్యకు కట్టిన విలువలో ఉంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్తపడాలి. మీ తాతల పని గొప్పది కాబట్టి మీరు అందులోనే ఉండండి అనే మాట తియ్యగా ఉంటుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులకు అప్పులు, పనిముట్లు ఇస్తానంటూ కుటుంబ వారసత్వం, గురుశిష్య పరంపర గురించి మాట్లాడుతుంది. అప్పు అవసరమైనవాడికి అప్పు ఇవ్వాల్సిందే. కానీ వృత్తిని పుట్టుకతో ముడిపెడితే అది కులమే. అంబేద్కర్ 1936లోనే కులనిర్మూలనలో ఈ ముడిని విప్పి చూపించాడు. శ్రమను పంచుకోవడం వేరు, శ్రమ చేసేవాళ్ళను మెట్లమెట్లుగా విడగొట్టడం వేరు.

అందుకని మేము అడిగేది రెండు వైపులా ఉంది. ఓజా బిడ్డ, మాదిగ బిడ్డ, కొండరెడ్డి బిడ్డ కాకినాడ కాలేజీ ప్రయోగశాలలోకి, కంచన్‌బాగ్‌లోకి హక్కుగా నడిచి వెళ్ళాలి. అందుకు రిజర్వేషన్ కావాలి, దానితోపాటు మంచి బడి, ఫీజు, హాస్టలు కావాలి. అలాగే పోతపని పాఠంలో ఆ ఒక్క వాక్యం స్థానంలో ఒక అధ్యాయం రావాలి. అందులో పట్టు తెచ్చినవాళ్ళు, తిత్తి కుట్టినవాళ్ళు, గుండు చేసినవాళ్ళు ఉండాలి. పాఠం చెప్పే మాస్టార్లు, పరిశోధన చేసే విద్యార్థులు తమ జిల్లాలో కొలిమి ఉన్న ప్రతి ఊరికీ వెళ్ళి, పని చేసే మనిషి పేరు, కూలి, పద్ధతి రాసుకోవాలి. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామాన్ల నుంచే మొదలుపెట్టవచ్చు.

మైనం కరిగిపోవడం పోతపనిలో ధర్మం. మనుషులు కరిగిపోవడం ధర్మం కాదు, అది జరిపించినవాళ్ళున్నారు. లోహం మీద గోటిగీత వేల ఏళ్ళు నిలిచి ఉంది. ఆ గోరు ఎవరిదో రాయడం ఇప్పుడు మన పని.