హగరి వచ్చే లోపల

మా జేజినాయన బళ్లారి జిల్లా కప్పగల్లులో నీరుగంటి. ఆ పనికి నెల జీతం లేదు. ఇనాంగా కొంచెం మాన్యం, కల్లాల కాలంలో రైతులు కొలిచి పోసే గింజలు, అంతే. కుంట తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం పగటి పని. అది ఊరందరికీ తెలుసు. రాత్రి పని తెలిసినవాళ్లు తక్కువ. మబ్బు పట్టిన రాత్రుల్లో లాంతరు తీసుకుని వంక దగ్గరికి పోయి నీళ్లు చూసి వచ్చేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆయన వెంట పోయేవాణ్ణి.

వంక గట్టున ఒక రాతికూసం ఉండేది. దాని మీద ఉలితో కొట్టిన మూడు గీట్లు. మొదటి గీటు తడిస్తే పశువుల్ని అవతలికి తోలకూడదు. రెండోది తడిస్తే తలారిని లేపాలి, డప్పు వేయించాలి. మూడోది మునిగితే కింది గేరి వాళ్లు పిల్లల్నీ గింజల మూటల్నీ ఎత్తుకుని గుట్ట వైపు నడవాల్సిందే. అయితే గీటు వరకూ ఆగితే ఆలస్యమని ఆయన లెక్క. నీళ్ల అంచున తడి ఇసుకలో ఒక పుల్ల గుచ్చి, పక్కన కూర్చుని బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయేలోగా నీళ్లు పుల్లను దాటితే లేచి ఊరి వైపు పరుగే. ఎర్రనీళ్లొస్తే వాన గుట్టల మీద, నల్లమడ్డి వస్తే రేగడి చేలల్లో కురిసినట్టు. నురుగు మీద జొన్న చొప్ప తేలుతూ వస్తే ఆయన బీడీ కూడా ముట్టించేవాడు కాదు. నీళ్ల ఎత్తు ఎంత వేగంగా పెరుగుతోందో గంటల లెక్క తెలియకుండానే కొలిచిన మనిషి ఆయన.

కప్పగల్లు పేరు బయటివాళ్లకు తెలిసింది హిరేగుడ్డ అనే గుట్ట వల్ల. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ చుట్టుపక్కల రాతియుగపు పనిముట్లు ఏరాడు. గుట్ట మీది నల్లరాళ్లపై చెక్కిన ఎద్దుల బొమ్మల గురించి ఫాసెట్ అనే దొర 1892లో రాశాడు. కొడితే గంటలా మోగే రాళ్లు కూడా అక్కడ ఉన్నాయి. ఆ కొత్తరాతియుగం మనుషులు గుట్టల పైనే కాపురాలున్నారు. పండితులు దానికి వేరే కారణాలు చెప్తారేమో. పల్లంలో వంక ఏం చేయగలదో కళ్లారా చూశాకే వాళ్లు పైకి ఎక్కారని నా నమ్మకం.

మా తూర్పున హగరి ఏరు. పుస్తకాల్లో వేదవతి, మా నోట హగరే. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకే. అందుకే దాన్ని నమ్మకూడదు. 1872లో కెల్సాల్ రాసిన బళ్లారి జిల్లా మాన్యువల్‌లో 1851 మే నెల తుపాను సంగతి ఉంది. చెరువులు వరసగా తెగాయి, హగరి ఒడ్డున గుళ్యం కొట్టుకుపోయింది. మే నెల అంటే ఎండాకాలం. నీరుగంటి లాంతరు ఇంకా అటక మీదే ఉండే కాలం.

కడప వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో చెప్పారు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఆ దోషాల్లో ఒకటి. అది తెలిసిన రోజు నాకు హగరే గుర్తొచ్చింది. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, మేం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. ఏరు మాత్రం చిత్రదుర్గంలో వాణీవిలాస సాగరం దాటి, అనంతపురం జిల్లాలో భైరవానితిప్ప దాటి, మళ్లీ మా జిల్లాలోకి వచ్చి, మళ్లీ కర్నూలు వైపు పోయి తుంగభద్రలో కలుస్తుంది. పై ఊళ్లో నీళ్లు చూసిన మనిషి కింది ఊరికి చెప్పాలి. మధ్యలో పొలిమేర పడితే ఆ మాట ఎక్కడో ఆగుతుంది.

మైసూరు రాష్ట్రంలో గ్రామోద్యోగాల రద్దు చట్టం 1961లో వచ్చింది, 1963 ఫిబ్రవరి నుంచి అమలైంది. వారసత్వపు పెత్తనాలు పోవడం న్యాయమే, నేను కాదనను. కానీ పెత్తనంతో పాటు లాంతరూ పోయింది. ఆ పనికి ఇంకో మనిషిని ఎవరూ పెట్టలేదు.

పెద్ద ఏళ్లకు మాత్రం కొలతలున్నాయి. హగరి మీద టి.రామాపురం దగ్గర కేంద్ర జల సంఘం వాళ్లు మట్టం చూస్తారు. తుంగభద్ర డ్యాం నిండుమట్టం 1633 అడుగులని మా వైపు బడిపిల్లలు కూడా చెప్తారు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే తెల్లారేసరికి రెండు రాష్ట్రాలకూ తెలిసింది. మా వంకకు అంకె లేదు. రాతికూసం రోడ్డు వేసినప్పుడు మట్టిలోకి పోయింది. వంక నిండా బళ్లారి జాలి కంప. ఒకప్పుడు బండి దిగి ఎక్కే వెడల్పున్న చోట ఇప్పుడు మేకపిల్ల దూరదు. అందుకే తక్కువ వానకే నీళ్లు గట్టెక్కుతున్నాయి.

2022లో వాణీవిలాస సాగరం 130 అడుగులూ నిండి పొర్లింది. 1907లో కట్టడం పూర్తయిన ఆ డ్యాం అంతకుముందు పొర్లింది 1933లోనే. ఎనభై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఆ నీళ్లను ఎలా చూడాలో తెలిసిన ముసలివాళ్లు మా వైపు మిగల్లేదు. ఆ ఏడాదే బైరదేవనహళ్లి దగ్గర తుంగభద్ర దిగువ కాలువను హగరి మీదుగా దాటించే వంతెన స్తంభం ఒకటి దెబ్బతింది. అటు వరదనీళ్లు, ఇటు కాలువనీళ్లు లేక ఎండిన వరిమళ్లు, రెండూ ఒకే వారంలో చూశాం.

మోకా దారిలో హగరి ఒడ్డున మాకు మూడెకరాల మిరప ఉంది. ఆ ఏడు అందులో ఎకరం పోయింది. అప్పటినుంచి నేనూ, రాయదుర్గం వైపు ఉన్న మా బామ్మర్దీ ఒక ఒప్పందం చేసుకున్నాం. వాళ్ల ఊరి కల్వర్టు గోడ మీద ఎర్రరంగుతో మూడు గీట్లు గీశాడు. మా వంక కల్వర్టు మీద నేనూ గీశాను. మొన్న శ్రావణంలో రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది.

"బావా, రెండోది తడిసింది. నీళ్లు ఎర్రగా ఉండాయి."

"చొప్ప వస్తాందా?"

"వస్తాంది."

మోటారు విప్పుకు రావడానికి నా కొడుకు బండి తీశాడు. నేను టార్చి పట్టుకుని కింది గేరి తలుపులు కొట్టుకుంటూ పోయాను.