మర్లవాయి బడి నుంచి ఏకలవ్య బడి దాకా – మన చదువులో ఢిల్లీ పాత్ర ఎంత?



చదువు బాధ్యత కేంద్ర ప్రభుత్వానిదా, రాష్ట్ర ప్రభుత్వానిదా అన్న చర్చ తరచూ వింటుంటాం. ఆ చర్చలో మన గూడేల ఊసు రాదు. కానీ దాని జవాబు మీదే మన పిల్లలకు ఏ భాషలో పాఠం చెబుతారు, ఎవరు చెబుతారు అన్నది ఆధారపడి ఉంది. అందుకే ఈ ప్రశ్నను మన చరిత్ర వైపు నుంచి చూద్దాం.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ఆ తర్వాత గానీ నిజాం ప్రభుత్వానికి తోచలేదు. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ మన మధ్యకు వచ్చి, భార్య బెట్టీతో కలిసి మర్లవాయిలో ఉన్నారు. ఆయన చొరవతో 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటి సర్కారు చదువు ఉర్దూలో ఉండేది. మనలో అక్షరం వచ్చినవారు బహు కొద్దిమంది, వారు నేర్చింది మరాఠీ. అందుకని దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. శిక్షణ పొందిన మన యువకులే ఊళ్లకు వెళ్లి పంతుళ్లయ్యారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటే పలక మీదికి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ బడులకు డబ్బు, ఉత్తర్వు దూరాన ఉన్న హైదరాబాద్ నుంచి వచ్చాయి. పంతులు, భాష మాత్రం మనవి. ఈ రెండూ కలిసినందువల్లే ఆ బడి నిలబడింది.

మరి ఎందుకు ఆగిపోయింది? 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పాలకులు మారారు, పాలన భాష మారింది. ఆ మార్పుల్లో గోండి వాచకం పక్కకు పోయి, బడి తెలుగుదైంది. ఎవరూ మనపై పగబట్టి చేసిన పని కాదు. గోండి చదువు అధికారుల దయ మీద నడిచింది గానీ హక్కుగా రాలేదు. దయ చూపేవారు పోగానే చదువూ పోయింది.

విచిత్రమేమిటంటే, అదే నవంబరు 1న రాజ్యాంగ ఏడవ సవరణ కూడా అమలులోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలంటుంది. ఇందుకోసం రాష్ట్రపతి ఏ రాష్ట్రానికైనా ఆదేశాలివ్వవచ్చు. అంటే గోండి మాట్లాడే పిల్లలకు కూడా ఢిల్లీ నుంచి ఒక హామీ ఉంది. దాన్ని గట్టిగా అడిగినవారు లేక కాగితం మీదే ఉండిపోయింది.

మొదట్లో చదువు రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అప్పటి నుంచి కేంద్రం పాత్ర పెరిగింది. అందులో మేలూ ఉంది, కీడూ ఉంది.

మేలు చూద్దాం. సర్వశిక్షా అభియాన్ కాలంలో, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, లంబాడా భాషల్లో చదువు మొదలైంది. ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. మర్లవాయి ఆలోచన అరవై ఏళ్ల తర్వాత మళ్లీ చిగురించిందన్న మాట.

ఇక కీడు. ఏకలవ్య ఆదర్శ గురుకులాలు కేంద్రం నిధులతో నడుస్తున్నాయి. మన పిల్లలకు మంచి భవనం, హాస్టల్, ఇంటర్ దాకా చదువు దొరుకుతున్నాయి. కానీ 2023 నుంచి టీచర్ల నియామకం జాతీయ స్థాయి పరీక్షతో జరుగుతోంది. స్థానిక భాష రాని టీచర్లు దక్షిణాది బడులకు వచ్చారని ఆ తర్వాత పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇల్లు వదిలి వచ్చిన ఆరో తరగతి పిల్ల తన కడుపునొప్పి గురించి చెప్పుకోవడానికి కూడా భాష వెతుక్కోవాలా?

అలాగని ఢిల్లీ తప్పుకుంటే చాలు, అంతా బాగుపడుతుందా? రాష్ట్రం ఇచ్చిన రక్షణ ఎంత పెళుసో జీవో 3 చెబుతుంది. ఏజెన్సీ బడులకు టీచర్లు సరిగా రావడం లేదని, 2000 జనవరిలో అక్కడి టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఐదో షెడ్యూలును సవరించే అధికారం పార్లమెంటుకు ఉంది. స్థానిక టీచర్ హక్కుకు గట్టి పునాది కావాలంటే మనం ఢిల్లీ తలుపు కూడా తట్టక తప్పదు.

ఇంకో కారణమూ ఉంది. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవారు 29 లక్షలకు పైనే. కానీ మనం తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో చెదిరి ఉన్నాం. ప్రతి రాష్ట్రంలోనూ మనం కొద్దిమందిమే. ఒకచోట తెలుగు లిపి, మరోచోట దేవనాగరి. ఇందరికీ పనికొచ్చే నిఘంటువు, వాచకాలు, టీచర్ శిక్షణ ఏ ఒక్క రాష్ట్రమూ తలకెత్తుకోదు. అది కేంద్రం చేయాల్సిన పని.

కాబట్టి మా మాట ఇది. నిధులు, హక్కుకు హామీ, రాష్ట్రాలు మాట తప్పితే నిలదీయడం కేంద్రం బాధ్యత. ఏ పంతులు రావాలి, ఏ భాషలో మొదలుపెట్టాలి, ఏ పండుగకు సెలవు ఇవ్వాలి అన్నవి మన ఊరి దగ్గరే తేలాలి.

దీనికి దారి ఇప్పటికే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మీ ఊరి కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి. గోండి వాచకాలు కావాలని గ్రామసభలో తీర్మానం చేయించండి. బీఈడీ, డీఈడీ చదివేవారు మన భాషలో పాఠం చెప్పడం నేర్చుకోండి. 1943లో మర్లవాయికి వెళ్లిన యువకుల దగ్గర డిగ్రీలు లేవు, మీ దగ్గర ఉన్నాయి.

జై సేవా!