లేఅవుట్ అనుమతి: నిన్నటి కథ, నేటి జాగ్రత్త

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ఇళ్ళ స్థలాల సంగతి రాస్తే మన సభ్యులకూ, వారి పిల్లలకూ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు.

నీటిపారుదల శాఖలో పనిచేస్తుండగా 1986లో విజయవాడ శివారు గ్రామంలో 200 గజాలు కొన్నాను. ప్రావిడెంట్ ఫండు అప్పు, మా ఆవిడ గాజులు కలిపితే వచ్చిన సొమ్మది. అమ్మిన ఆసామి చూపిన బ్లూప్రింటులో ముప్పై అడుగుల రోడ్లు, మధ్య పార్కు ఉన్నాయి. అధికారి సంతకం మాత్రం లేదు. రోజూ ప్లాన్లు చూసే నేనే ఆ మాట అడగలేదు. రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంకేం కావాలనుకున్నాను.

నిజానికి చట్టం అప్పటికే పాతది. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండగానే 1920లో పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. 1888లో మునిసిపాలిటీ అయిన బెజవాడ 1981లో కార్పొరేషన్ అయింది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతాలకు 1978లో ఉడా ఏర్పడింది. 2014లో ఆ బాధ్యత సి.ఆర్.డి.ఏ.కి వచ్చింది. గ్రామ పంచాయతీల లేఅవుట్లకు 2002లో ప్రత్యేక నియమాలు చేశారు. విస్తీర్ణంలో కనీసం పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలన్నారు.

పద్ధతి ఇది: యజమాని హక్కు పత్రాలు, సర్వే ప్లానుతో దరఖాస్తు చేయాలి. ముందు తాత్కాలిక అనుమతి ఇస్తారు. రోడ్లు, కాలువలు పూర్తయ్యాక తుది అనుమతి. రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు అప్పగించాలి. అప్పుడు వాటిని ఎవరూ అమ్ముకోలేరు.

మా కాలనీలో అదే జరగలేదు. కొన్నేళ్ళకు పార్కు ప్లాట్లుగా అమ్ముడైంది. పొలాలకు నీరిచ్చిన బోదెను పూడ్చేశారు. డెల్టా నేల బల్లపరుపు, దారి చూపకపోతే నీరు కదలదు. వానాకాలం మోకాళ్ళ లోతు నీళ్ళలో మా పిల్లలు బడికి వెళ్ళారు. కాలువల శాఖ ఉద్యోగిగా నాకు తలవంపులుగా ఉండేది.

2007 చివరలో వచ్చిన క్రమబద్ధీకరణ పథకం కింద సొమ్ము కట్టాను. కాగితం వచ్చింది, ఇంటి ప్లాను మంజూరైంది. పార్కు మాత్రం తిరిగి రాలేదు. ఈనాడు మా మనవలు ఆడుకునేది రోడ్డు మీదే.

కనుక మిత్రులారా, రిటైర్మెంటు సొమ్ముతో స్థలం కొనేముందు దస్తావేజుతోపాటు లేఅవుట్ నంబరు అడగండి. దాన్ని పట్టుకుని సంబంధిత కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, ఆమోదం పొందిన ప్లానులో మీ ప్లాటు, రోడ్డు, పార్కు చూసుకోండి. ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వండి. నేను తప్పించుకున్న ఆ ఒక్క పూట పనికి మా ఇంట్లో మూడు తరాలు ఖరీదు కట్టాయి.