రంగు రుమాలు చరిత్ర

పండుగనాడు క్రొత్త పంచెలచాపు కొనలేని గృహస్థు మన యూళ్లలో నేమి చేయుచుండెనో మీరెఱుగనిది కాదు. పాత పంచెనే తెల్లగా నుతికించి, గంజి పెట్టించి, ఎఱ్ఱంచు కండువా నొకదానిని భుజముపై వైచికొని గుడికి బయలుదేరుచుండెను. చూచువారి కన్ను కండువాపై నిలుచునే కాని పంచెపై నిలువదు. స్త్రీలును పాత చీరకు క్రొత్త రంగు రవిక తొడిగికొని పేరంటమునకు పోవుచుండిరి. స్వల్పవ్యయముతో వేషమును నూతన మొనర్చు నీ యుపాయము చూచుటకు చిన్నది. కాని దీని వెనుక సముద్రములు దాటిన చరిత్ర యొకటి కలదు. గజమునకు మించని చదరపు గుడ్డ, అనగా రుమాలు, ఆధారముగా నా చరిత్రను నేడు మనవి చేసెదను.

రుమాలు అను మాట పారసీకమునుండి వచ్చినది. మొగము తుడుచుకొనునది యని దాని యర్థము. మనవారు దానిని మొగమునకే విడిచిపెట్టలేదు. తెలంగాణమున రుమాలనగా తలపాగయే. తీరమున బెస్తలును, పశువుల కాపరులును దానిని తలకు చుట్టిరి, నడుమునకు కట్టిరి, భుజమున వైచిరి. ఒక్క గుడ్డయే యెండకు గొడుగు, చెమటకు తువాలు, తిరునాళ్లకు సొగసు.

ఈ సొగసునకు ప్రాణము ఎఱుపు. ఆ యెఱుపునకు మూలము చిరివేరు. అది తీరపు టిసుకనేలలయందు పెరుగు నొక చిన్న మొక్కయొక్క వేరు. పటికనీట నానిన నూలు ఈ వేరుతో మరగినప్పు డెఱ్ఱనగును. ఇనుము నానిన నీట తడిసిన నూలు నల్లనగును. ఇది మన యద్దకపువారు ఏ రసాయనశాస్త్రమును చదువక, చేతితో, కంటితో, తరతరముల యనుభవముతో నేర్చిన విద్య.

చీరాలలో నీ విద్య మరియొక మెట్టెక్కినది. ఆముదపుకాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీట కలిపి తేర్చి, ఆ తేటను నూనెతో చేర్చి, నూలును దానిలో తడిపి పిసుకుదురు. ఎండబెట్టుదురు. మరల తడుపుదురు. ఇట్లు రెండు మూడు వారములు జరుగును. పిమ్మట కావలసినచోట్ల గట్టిగా దారము చుట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట తెలుపు నిలుచును, తక్కినచోట రంగెక్కును. ఆ నూలుతో నేసినదే తేలియా రుమాలు. నూనెవాసన గలది గనుక ఆ పేరు వచ్చినది. ఎఱుపు, నలుపు, తెలుపు, ఈ మూడే దాని రంగులు. ఎండలో తలను చల్లగా నుంచునని వాడువారి నమ్మకము. ఈ రుమాళ్లు అరేబియా, పారసీక సింధుశాఖ, ఆఫ్రికా తీరముల వఱకు పోయినవి.

తేలియా రుమాలునకు పూర్వమే మన తీరపు రంగుబట్టలు విదేశములకు ఎగుమతి యగుచుండెను. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. ఉతికినను వెలవని మన రంగుబట్టలను చూచి యూరపుజనులు మోహించిరి. ధనికులే కాక పనికత్తెలు సైతము వానిని ధరింపజొచ్చిరి. అక్కడి నేతగాండ్రు గగ్గోలుపెట్టిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు నూలుబట్టలను నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును సాగించినది. ఇంగ్లండు 1700లో నొకటియు, 1721లో మఱింత కఠినమైన దొకటియు శాసనములు చేసినది. కాని వర్తకులు ఆ బట్టలను తెచ్చి యితర దేశములకు పంపవచ్చును. తమ దేశమున కట్టరాని బట్ట ఆఫ్రికాలో అమ్మవచ్చునన్నమాట.

ఇక్కడ మనము తల వంచుకొనవలసిన ఘట్టము వచ్చుచున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఆఫ్రికా పశ్చిమతీరమున మనుష్యులను బానిసలుగా కొనుటకు యూరపు వర్తకులు చెల్లించిన సరకులలో భారతదేశపు నూలుబట్టలు ముఖ్యమైనవి. నేసినవాని కది తెలియదు. అతడు తన కూలికై నేసెను. ఆ గుడ్డ మాత్రము మనుష్యునికి వెల యయ్యెను.

అయినను కథ అక్కడ ముగియలేదు. ఓడలలో సముద్రము దాటించబడిన ఆ జనుల సంతతి అమెరికా ఖండమున, చుట్టుపట్ల దీవులలో స్థిరపడినది. వారిలో కొందఱు స్వేచ్ఛను పొందిరి. లూసియానా అను రాష్ట్రము అప్పుడు స్పెయిను రాజ్యమున కధీనము. న్యూ ఆర్లియన్సు నగరమున స్వతంత్రలైన నల్లజాతి స్త్రీలు జుట్టును నగలతో, ఈకలతో నలంకరించుకొని తిరుగుట దొరలకు కంటగింపయ్యెను. 1786లో గవర్నరు మీరో ఒక యాజ్ఞ వెలువరించెను. వారు ఈకలు, నగలు ధరింపరాదు. జుట్టును గుడ్డతో కప్పుకొనవలెను. తలగుడ్డ తక్కువతనమునకు గుర్తు కావలెనని ఆతని యుద్దేశము.

ఆ స్త్రీలు ఆజ్ఞను మీఱలేదు. రంగురంగుల రుమాళ్లను తెచ్చి, మడతమీద మడత పెట్టి, కిరీటమువలె కట్టుకొనిరి. నగలు లేవు, ఈకలు లేవు. ఉన్నది గుడ్డ యొక్కటే. అవమానమునకై విధింపబడిన గుడ్డ యలంకార మయ్యెను! అట్టి తలకట్టులకు వాడిన గుడ్డలలో మిక్కిలి పేరుపొందినది మన తీరమునుండి పోయిన గళ్ల రుమాలు. దానిని వారు మద్రాసు అనియే పిలిచిరి. నేటికిని మార్టినీకు, సెంట్ లూసియా మున్నగు దీవులలో పండుగదినములందు ‘మద్రాసు’ కట్టుట గౌరవచిహ్నము. వారి పెద్దలను కొన్న గుడ్డలకు తోబుట్టువైన గుడ్డనే వారు తలపై నెత్తుకొని నిలిచిరి.

ఇక మన తీరమున నేమైనది? 1869లో జర్మనీ, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులు చిరివేరులోని యెఱుపును తారునుండి తయారుచేయు విధమునకు హక్కుపత్రములు పొందిరి. రంగు డబ్బాలలో వచ్చెను. వేరు త్రవ్వువారి జీవనము పోయెను. అయినను నూనె, బూడిదనీరు, కట్టు, ఓర్పు, వీనిని డబ్బాలో నింపుట యెవరికిని సాధ్యము కాలేదు. చీరాలలో తేలియా పని క్షీణించినను తెలంగాణమున పుట్టపాక నేతగాండ్రు దానిని నిలిపిరి. ఆ గ్రామపు గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ లభించెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చెను.

పెద్దలారా, అలంకారము ధనికుని సొత్తు కాదు. శాసనములు బట్టను నిషేధింపగలిగినవి, నగలను తీయించగలిగినవి. మూరెడు రంగుగుడ్డను కట్టుకొనుటలోని మనిషి గౌరవమును మాత్రము తీయలేకపోయినవి. కట్టువాని కది స్వల్పవ్యయమే. చేయువానికి మూడు వారముల చాకిరి. కావున రాబోవు పండుగకు పాత పంచెమీదికి క్రొత్త రుమాలు కొనునప్పుడు అది చేతినేతయా, మరబట్టపై నచ్చొత్తినదా యని యడుగుడు. చేతినేతయైనచో బేరము కొంచెము తగ్గించి యాడుడు. ఆ రెండు రూపాయలును మన యెఱుపును మఱియొక తరము నిలుపును.