లావు అనే మాట, బరువు అనే లెక్క

లావు అంటే ఒకప్పుడు బలం. పోతన భాగవతం చదువుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మొసలి పట్టు విడిపించుకోలేక గజేంద్రుడు తనలో లావు లేదని వాపోతాడు. అంతటి ఏనుగుకి లావు లేకపోవడమేమిటని బి.ఏ. క్లాసులో మేమందరం నవ్వితే, మా మేడమ్ గారు ఆ మాటకి పాత అర్థం చెప్పారు. బలం అనే అర్థం నుంచి జారి ఆ మాట ఒంటి కొలత మీదికి ఎప్పుడు వచ్చిందో గానీ, ఇప్పుడు ఎవరినైనా పట్టుకుని లావు అంటే తిట్టు కిందే లెక్క.

ఆ తిట్టు ఆసుపత్రి లోపలిదాకా వెంట వస్తుందని మా వదిన వల్ల తెలిసింది. ఆవిడ మావారి అక్కయ్య, మొదటినుంచీ ఒళ్ళున్న మనిషి. నాలుగేళ్ళ కిందట మెట్లెక్కితే ఆయాసం, కాస్త పని చేస్తే నీరసం అంటుంటే డాక్టరుకి చూపించడానికి నేనే తోడు వెళ్ళాను. వరండాలో బరువు చూసిన అమ్మాయి ఆ అంకెని అందరికీ వినబడేలా చదివింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. లోపల డాక్టరు గారు స్టెతస్కోపు కూడా పెట్టలేదు. "ముందు పది కిలోలు తగ్గి రండమ్మా, ఆయాసం అదే పోతుంది" అన్నారు. రక్తపరీక్ష రాయలేదు. ఆటోలో వదిన ఏమీ మాట్లాడలేదు. నేనే ఊరుకోకుండా, "ఆయన చెప్పిందీ నిజమే కదా వదినా, రాత్రిళ్ళు అన్నం మానేసి చూడండి" అన్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆవిడ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు.

మనిషి కన్నా ముందు అంకెని చూసే ఈ అలవాటు ఎక్కడిదా అని తరవాత చదవడం మొదలుపెట్టాను.

మన చరక సంహితలో నిందకి గురయ్యే ఎనిమిది రకాల శరీరాల గురించి ఒక అధ్యాయమే ఉంది. మరీ పొడుగు, మరీ పొట్టి, మరీ నలుపు, మరీ తెలుపు ఇలా సాగే ఆ జాబితాలో మరీ లావు, మరీ సన్నం కూడా ఉన్నాయి. లావుకి కారణాలు చెబుతూ అతిగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్రతో పాటు బీజ స్వభావాన్ని కూడా చేర్చారు. అంటే పుట్టుకతో వచ్చేది. మనం మాత్రం ఆ చివరి కారణాన్ని వదిలేసి, తిండికి తిమ్మరాజు పనికి పోతరాజు అనే సామెతని పట్టుకున్నాం.

ఇక ఇప్పుడు ఆసుపత్రుల్లో రాసే బీఎంఐ సంగతి. ఆ సూత్రానికి మూలపురుషుడు డాక్టరు కాదు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రవేత్త, గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే. జనంలో 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తెలుసుకోవాలని ఆయన లెక్కలు వేశాడు. బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని 1830లలో గమనించాడు. ఫలానా మనిషికి జబ్బుందా లేదా అని తేల్చడానికి ఆయన ఆ లెక్క చెయ్యలేదు.

తరవాత బరువు మీద కన్నేసింది ఇన్సూరెన్సు కంపెనీలు. అమెరికాలో మెట్రొపాలిటన్ లైఫ్ అనే కంపెనీ ఏ ఎత్తుకి ఎంత బరువుంటే మంచిదో 1940లలో పట్టికలు వేసింది. పాలసీ కొనుక్కున్నవాళ్ళ వివరాలే వాటికి ఆధారం. ఆ పట్టికలు డాక్టర్ల గదుల్లోకీ వచ్చాయి. 1972లో ఆన్సెల్ కీస్, ఆయన తోటివారు అయిదు దేశాల్లో 7,400 మందికి పైగా మనుషుల్ని పరిశీలించి, కెట్లే సూత్రమే మేలని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ఆ 7,400 మందీ మగవాళ్ళే. మా వదినలాంటి వాళ్ళు ఆ లెక్కలో ఒక్కరు కూడా లేరు.

గీతలు కూడా మారుతూనే వచ్చాయి. అమెరికాలో అధిక బరువుకి గీత మగవాళ్ళకి 27.8, ఆడవాళ్ళకి 27.3గా ఉండేది. 1998లో ఇద్దరికీ 25 చేశారు. ఒక్క గ్రాము పెరగకుండానే కోట్లమంది అధిక బరువు వాళ్ళయిపోయారు. ఆసియావాళ్ళకి 23 దగ్గరనుంచే జాగ్రత్త పడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు.

అదే ఏడు ఒక సరదా సంగతి జరిగింది. పుణే డాక్టరు యాజ్ఞిక్, ఇంగ్లండు డాక్టరు యుడ్కిన్ ఇద్దరూ కొలుచుకుంటే ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా ఉన్నారు కదా అని మనం ధీమాగా ఉండే మనుషులకి కూడా షుగర్ ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అంకెని చూసి తిట్టడం ఎంత పొరపాటో, అంకెని చూసి వదిలెయ్యడమూ అంతే పొరపాటు.

బరువంతా తిండి యావేనా అంటే అదీ కాదు. 1986లో డెన్మార్క్‌లో దత్తత వెళ్ళి పెరిగిన 540 మందిని స్టంకార్డ్ అనే డాక్టరు బృందం పరిశీలించింది. వాళ్ళ ఒళ్ళు కన్నవాళ్ళ పోలికకి వచ్చింది గానీ, అన్నం పెట్టి పెంచినవాళ్ళ పోలికకి రాలేదు. 1994లో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోనుకి సంబంధించిన జన్యువుని కనిపెట్టింది. కడుపు నిండిందని మెదడుకి చెప్పే వ్యవస్థలో ఆ హార్మోనుకి భాగముంది. చరకుడి బీజ స్వభావానికి శాస్త్రం సాక్ష్యం దొరికినట్టే కదా. 2020లో అనేక దేశాల నిపుణులు కలిసి, స్థూలకాయులని చిన్నచూపు చూడడం వాళ్ళకి వైద్యం అందకుండా చేస్తోందని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు.

బరువు వల్ల ఇబ్బందులు లేవని నేననను. మోకాళ్ళు, షుగర్, గురక అన్నీ నిజమే. కానీ లావుగా ఉన్న మనిషికి వచ్చే ప్రతి జబ్బూ లావు వల్లే వచ్చిందనుకుంటే అసలు జబ్బు తప్పించుకుపోతుంది.

మా ఇంట్లో జరిగిందదే. ఎనిమిది నెలల తర్వాత వదిన వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ తలుపు వేసి కూర్చోబెట్టారు. కింది రెప్ప లాగి చూశారు. చేతికి సరిపోయే వెడల్పు పట్టీ తెప్పించి బీపీ చూశారు. ఇరుకు పట్టీ కడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందట. నెలసరి గురించి అడిగారు. రక్తం 6 గ్రాములే ఉందని తేలింది. గర్భసంచిలో గడ్డలు, ఏళ్ళ తరబడి విపరీతమైన రక్తస్రావం. మాకెవరికీ తెలియదు. "ఒక్కసారైనా చెప్పలేదేం వదినా?" అంటే, "ఎవరైనా అడిగితే కదా చెప్పేది" అంది. ఆ 'ఎవరైనా'లో నేనూ ఉన్నాను.

ఆపరేషను అయింది, రక్తం పట్టింది. ఇప్పుడు వదిన మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతుంది. బరువు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

మొన్న పండక్కి వచ్చినప్పుడు గారెలు వడ్డిస్తుంటే, "నాకు రెండు చాలు" అని పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టింది. అలవాటు కొద్దీ నోటిదాకా ఏదో సలహా వచ్చింది. మింగేసి, "ఒంట్లో ఎలా ఉంటోంది వదినా?" అని అడిగాను. చాలాసేపు చెప్పింది.