గనుల దారిలో యెజ్డీ గేర్లు

బేతంచెర్లలో పాత బండ్ల గేర్లు పాడైంది నడిపేవాళ్లకు నడపడం రాకనే అని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. నా షెడ్డులో దించిన ఇంజన్లలో ఎక్కువ వాటిని తినేసింది మా నాపరాతి దుమ్మే.

మా ఊరి చుట్టూ నేల కింద పొరలు పొరలుగా రాయి ఉంటుంది. ఉలి పెట్టి సుత్తితో కొడితే బండలుగా లేచి వస్తుంది. బండలు తీసే గనుల దాకా తారు రోడ్డు ఎక్కడుంటుంది? లారీలు తిరిగి పడిన గాడి, పక్కన పనికిరాని ముక్కల గుట్టలు, మోకాలి దాకా లేచే తెల్ల దుమ్ము. ఆ దారిలో బండి మీద ముగ్గురు మనుషులు, డ్రిల్లింగు రాడ్లు, అన్నం క్యారియర్లు. డర్ట్ బైకు అని పత్రికల్లో బొమ్మలు చూడ్డమే తప్ప అలాంటివి మా పక్కకు రాలేదు. వాటి చాకిరీ అంతా యెజ్డీ, రాజ్‌దూత్, బుల్లెట్ చేశాయి.

యెజ్డీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1961లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చెక్ దేశపు జావా బండ్లను తయారుచేయడం మొదలుపెట్టింది. 1970లలో అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. దీనికి కిక్కు రాడ్డు, గేరు రాడ్డు ఒకటే. కిక్కు కొట్టాక దాన్ని ముందుకు తిప్పితే గేరు రాడ్డవుతుంది. ఇంకో గొప్ప ఏర్పాటు కూడా ఉంది: కాలితో గేరు నొక్కగానే ఆ కదలికే లోపల క్లచ్చును కొంచెం లేపుతుంది. అందుకే చేయి క్లచ్చు మీద లేకున్నా గేరు పడుతుంది. గుంతల దారిలో రెండు చేతులూ హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సిన మనిషికి ఇంతకంటే మేలు ఏముంది? కానీ ఆ లేపే ఎత్తు కాస్త తప్పిందంటే ప్లేట్లు బాగున్నా గేరు మొరాయిస్తుంది. తెలియనివాళ్లు వెంటనే ఇంజన్ దించేస్తారు. యెజ్డీ ఇంజన్ రెండు చెక్కలుగా విప్పితే తప్ప గేర్లు కంటపడవు. పాత బుల్లెట్ మేలు, దాని గేర్‌బాక్సు విడిగా ఉంటుంది, ఇంజన్ జోలికి పోకుండా విప్పొచ్చు.

మా గురువు నేర్పిన పద్ధతి ఇది. ఇంజన్ ఆపి, బండిని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో గేరు వేసి చూడు. అన్నీ పడుతున్నాయా? అయితే రోగం క్లచ్చులో ఉంది: వైరు సాగిందో, ప్లేట్లు అంటుకున్నాయో. ఆపిన బండికి కూడా పడకపోతే లోపల గేర్లను జరిపే ఫోర్కు వంగిందో, షాఫ్టు పట్టిందో. నొక్కిన రాడ్డు తనంతట తాను వెనక్కి రాకపోతే స్ప్రింగు విరిగింది. చదునులో బాగా పోయి, ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు నుంచి ఎగిరి న్యూట్రల్‌కు వస్తుంటే గేర్లను పట్టించే గుబ్బల అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి, దానికి ఇంజన్ దించక తప్పదు.

దించే ముందు ఆయిల్ తీసి తెల్ల గుడ్డ మీద పోసేవాణ్ణి. అయస్కాంతానికి మెరుపులు అంటుకుంటే అది గేరు పళ్ల ఇనుము. చాలాసార్లు ఆయిలే ఉండేది కాదు. ఎక్కడికి పోయింది? ముందు స్ప్రాకెట్ వెనకాల ఒక ఆయిల్ సీలు ఉంటుంది. చైను కవరు పగిలితే గనుల బండికి కొత్తది వేయించేవాళ్లు తక్కువ. చైనుకు పూసిన గ్రీజులో రాతి పొడి కలిసి, సాన పట్టే ముద్దలా తయారై, సీలు పెదవిని కోసి, షాఫ్టు మీద గాడి పెట్టేది. అక్కణ్ణుంచి ఆయిల్ బొట్టు బొట్టుగా కారేది. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఓనరుకు తెలియదు. గేర్లు అరిచే నాటికి సగం పళ్లు పోయి ఉంటాయి. ఒక్క సీలు ముక్కతో ఆగాల్సింది, మొత్తం ఇంజన్ పని దాకా వచ్చేది. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉండేది, ఎందుకంటే ఆ బండి వాళ్ల కూలికి ఆధారం.

సామాను కోసం డోన్ పోయి రైలెక్కి, హైదరాబాదులో పుత్లీబౌలీ, లేకుంటే బెంగళూరులో జేసీ రోడ్డు తిరగాలి. 1985లో ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 వచ్చాక దుకాణాల్లో వాటి సామానే ఎక్కువైంది. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక యెజ్డీ ఫోర్కు దొరకడం గగనమైంది. వంగిన ఫోర్కును నిదానంగా సరిచేసి, అరిగిన చోట వెల్డింగ్ పోసి, లేత్ మీద కొలత తెచ్చి వేసేవాళ్లం. షాఫ్టు మీద గాడి పడితే సీలును కొంచెం లోపలికో బయటికో జరిపి, గాడి పడని చోట కూర్చోబెట్టేవాళ్లం. ఆ పనికి పుస్తకమేదీ లేదు.

మా మండలం 2022లో నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అదే ఏడు యెజ్డీ పేరుతో కొత్త బండ్లూ వచ్చాయి. పాతవాటిని బాగుచేయించుకుందామని కర్నూలు నుంచి, నంద్యాల నుంచి కుర్రవాళ్లు నా దగ్గరికి తెస్తున్నారు. ట్యాంకు మీద రంగు మెరుస్తుంటుంది. నేను మాత్రం ముందుగా స్ప్రాకెట్ కవర్ విప్పి, సీలు చుట్టూ వేలు పెట్టి చూస్తాను.