వెండీ ఆట్కిన్

వెండీ ఆట్కిన్ పెద్దపేగు క్యాన్సర్ నివారణపై పనిచేసిన బ్రిటిష్ వైద్య పరిశోధకురాలు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో జీర్ణకోశ వ్యాధుల ఎపిడెమియాలజీ ప్రొఫెసర్‌గా ఉండేవారు. జీవితంలో ఒక్కసారి, కొద్ది నిమిషాల పాటు పేగు చివరి భాగాన్ని కెమెరా గొట్టంతో చూస్తే ఎంతోమందికి ఈ జబ్బు రాకుండానే ఆపవచ్చని ఆమె నిరూపించారు.

పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం అడినోమా అనే పాలిప్‌తో మొదలవుతాయి. పేగు లోపలి పొర మీద మొలిచే ఈ కండ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఈలోపే దాన్ని కోసి తీసేస్తే జబ్బుకు మూలమే ఉండదు. అయితే పాలిప్ తీయించుకున్న వాళ్లందరికీ జీవితాంతం పరీక్షలు అవసరమా? లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పాలిప్‌లు తీయించుకున్న 1,618 మంది వివరాలను ఏళ్ల తరబడి గమనించి, ఆట్కిన్ బృందం 1992లో జవాబు ప్రచురించింది. చిన్న, సాధారణ రకం పాలిప్‌లు ఉన్నవారికి తర్వాత వచ్చే ముప్పు మామూలు జనం కంటే ఎక్కువేమీ కాదు. పెద్దవి, ఎక్కువ సంఖ్యలో ఉన్నవారినే కనిపెట్టుకుని ఉండాలి.

మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆమె, సహ రచయితలు ఒక ప్రతిపాదన చేశారు. ఈ క్యాన్సర్లలో దాదాపు మూడింట రెండు వంతులు పురీషనాళంలోనూ, దానికి పైనున్న సిగ్మాయిడ్ మలుపులోనూ వస్తాయి. అందువల్ల పేగు మొత్తాన్ని చూసే కొలనోస్కోపీ బదులు, చివరి భాగాన్నే చూసే, మత్తు అక్కర్లేని ఫ్లెక్సిబుల్ సిగ్మాయిడోస్కోపీని 55–60 ఏళ్ల వయసులో ఒకసారి చేస్తే చాలన్నది వారి వాదన. దాన్ని తేల్చడానికి 1994లో బ్రిటన్‌లోని 14 కేంద్రాల్లో ప్రయోగ పరీక్ష మొదలైంది. పరీక్షకు సుముఖత తెలిపిన 55–64 ఏళ్ల వయసువారు 1,70,432 మందిని లాటరీ పద్ధతిలో విభజించి, మూడింట ఒక వంతు మందిని పిలిచారు. వారిలో 71% వచ్చారు. కనిపించిన చిన్న పాలిప్‌లను అక్కడికక్కడే తీసేశారు.

ఫలితం కోసం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. క్యాన్సర్ నివారణలో తొందరపడితే నిజం చేతికి రాదు. ఆ ఓపికే ఈ పరిశోధనకు బలం. సుమారు 11 ఏళ్ల తర్వాత చూస్తే, పిలుపు అందినవారిలో కొత్త కేసులు 23%, ఈ క్యాన్సర్ మరణాలు 31% తగ్గాయి. పిలిచినా రానివారిని కూడా కలిపి వేసిన లెక్క ఇది. నిజంగా పరీక్ష చేయించుకున్నవారిలో మరణాలు 43% తగ్గాయి. గొట్టం చేరే భాగంలోనైతే కేసులు సగానికి పడిపోయాయి. పైభాగపు క్యాన్సర్లను ఈ పరీక్ష ఆపలేదు. ఈ పద్ధతికి ఉన్న అసలు పరిమితి అదే.

ఇమేజింగ్ రంగంలో రేడియాలజిస్టు స్టీవ్ హాలిగన్ తదితరులతో కలిసి ఆమె చేసిన సిగ్గార్ పరిశోధన ముఖ్యమైనది. జబ్బు లక్షణాలతో ఆసుపత్రికి వచ్చినవారికి ఏ పరీక్ష మేలో ఇందులో పోల్చారు. పెద్ద పాలిప్‌లు, క్యాన్సర్లను పేగును సీటీ స్కాన్‌తో చూసే సీటీ కొలనోగ్రఫీ 7.3% మందిలోనూ, పాత బేరియం ఎనిమా ఎక్స్‌రే 5.6% మందిలోనూ పట్టుకున్నాయని 2013లో వెల్లడైంది. కొలనోస్కోపీతో పోల్చినప్పుడు పట్టుకోవడంలో సీటీ వెనకబడలేదు. కాకపోతే సీటీ చేయించుకున్నవారిలో 30% మందికి మరో పరీక్ష అవసరమైంది. కొలనోస్కోపీ వారిలో అది 8.2% మాత్రమే. బేరియం పరీక్షకు కాలం చెల్లిందని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

ఆట్కిన్ పరిశోధన ఆధారంగా ఇంగ్లండ్‌లో 2013 నుంచి 55 ఏళ్లవారికి ఫ్లెక్సిబుల్ సిగ్మాయిడోస్కోపీ చేయసాగారు. పిలుపు అందినవారిలో సగం మంది కూడా రాలేదు. ఎండోస్కోపీ చేసే సిబ్బందికీ కొరత ఉండేది. ఇంట్లోనే మల నమూనా తీసి పంపే ఫిట్ పరీక్ష అందుబాటులోకి రావడంతో, ఆ కార్యక్రమాన్ని కోవిడ్ కాలంలో ఎత్తేశారు. ఆట్కిన్ 2018 అక్టోబరులో మరణించారు. ఆమె మొదలుపెట్టిన ప్రయోగంలో పాల్గొన్నవారి 21 ఏళ్ల ఫలితాలను సహచరులు 2024లో ప్రచురించారు. ఒక్కసారి చేసిన ఆ పరీక్ష ఇచ్చిన రక్షణ అప్పటికీ కొనసాగుతూనే ఉంది.